వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి

మొన్న పలాసలో షేర్ ఆటో ఎక్కాను. మా అమ్మమ్మగారి ఊళ్ళో మావయ్య మనవరాలికి సీమంతం. లోపల సీట్లన్నీ నిండిపోయాయి. వెనకాల, సామాన్లు పెట్టే చోట వేసిన చెక్క ఒక్కటే మిగిలింది. దాని మీద కూర్చుంటే మొహం వెనక్కి ఉంటుంది, కాళ్ళు రోడ్డు మీదికి వేలాడతాయి. డెబ్బై దాటిన ముసలిదాన్ని అక్కడ కూర్చోబెట్టడానికి డ్రైవరుకి మనసొప్పలేదు.

"మామ్మా, అక్కడొద్దు, కళ్ళు తిరుగుతాయి. ఈ బాబుని ఎనక్కి పంపుతాను, నువ్వు లోనకొచ్చీ" అన్నాడు.

"పోనీ బాబూ, నాకు అలవాటే" అన్నాను. నిజానికి ఆ అలవాటు నాది కాదు, మా మావయ్యది.

కాశీబుగ్గ దాటేదాకా జీడిపప్పు కార్ఖానాల పొగ వాసన వెంట వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ పెదవులు చురుక్కుమంటాయి. ఆటో ముందుకు పోతోంది, నాకు మాత్రం దాటిపోయినవే కనబడుతున్నాయి. దాటిపోయిన వంతెన, దాటిపోయిన బడి, దాటిపోయిన కొబ్బరితోట. మావయ్య జీవితమంతా ఇలాగే చూశాడు కదా అనుకున్నాను.

మా నాన్నది రైల్లో ఉద్యోగం. ఏ ఊళ్ళో ఉన్నా, పరీక్షలు అయిన మర్నాడే అమ్మా నేనూ పూండి స్టేషన్లో దిగేవాళ్ళం. మావయ్య బండి కట్టించుకుని వచ్చేవాడు. బండి తోలేది ముసలి పాలేరు. అమ్మ ముందు కూర్చునేది. మావయ్య మాత్రం బండి తొట్టి చివర, కాళ్ళు కిందికి వేలాడేసి, వచ్చిన దారికేసి చూస్తూ కూర్చునేవాడు. నేను వెళ్ళి ఆయన పక్కన చేరేదాన్ని.

ఎక్కడికెళ్ళినా ఆయన తీరు అంతే. రైలెక్కితే ఇంజనుకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఇంట్లో వీధరుగు మీద కూడా వీధికి వీపు, గుమ్మానికి మొహం. ఊళ్ళోవాళ్ళు దాన్ని గర్వం అనుకునేవారు. "యుద్ధానికెల్లొచ్చినోడు, మన మొగాలు సూత్తాడేటి" అని మూతి తిప్పేవారు. మావయ్య భార్య, మా అత్తయ్య, ఇంకో అడుగు ముందుకేసేది. "పెళ్ళయి ఇన్నేళ్ళయినాది, ఈయన నాకేసి తిరిగి కూకున్నది పెళ్ళిపీటల మీదొక్కసారే" అనేది. మావయ్య నవ్వి ఊరుకునేవాడు, అటు తిరిగే.

టెక్కలిలో స్కూలు ఫైనలు దాకా చదివి, తోట చూసుకోమన్న తాతయ్యతో దెబ్బలాడి, యుద్ధం రోజుల్లో ఆయన విమానదళంలో చేరిపోయాడు. ఆయన ఎగిరింది బాంబులు వేసే విమానంలో. అందులో ఇద్దరే మనుషులు. ముందున్నాయన విమానం నడుపుతాడు, బాంబు వేస్తాడు. వెనకున్నవాడు తోకకేసి తిరిగి కూర్చుని, వెనక నుంచి శత్రువు రాకుండా తుపాకీతో కాపలా కాస్తాడు. మావయ్య ఆ వెనకున్నవాడు. బర్మా మీద బాంబులు వేసే జట్టులో ఆయన యుద్ధమంతా వెనక్కి తిరిగే ఎగిరాడు.

ఇదంతా అమ్మమ్మకి ఎంత చెప్పినా ఎక్కేది కాదు. ఎవరొచ్చినా "మావోడు ఇమానం తోలినాడు" అనేది.

"నాను తోలనేదమ్మా. తోలినాయన ముందు కూకునేవోడు. నాను ఎనక" అనేవాడు మావయ్య.

"ఎనక కూకుంటే మాత్రం? బండెనక కూకున్నోడు ఊరు సేరడేటి?" అనేది అమ్మమ్మ.

ఆయన యుద్ధంలో ఉన్న రోజుల్లో తీరం వెంట విమానం మోత వినబడితే ఊరు ఊరంతా మొగలి పొదల్లోకి పరిగెత్తేదట. అమ్మమ్మ మాత్రం హారతి పళ్ళెం పట్టుకుని వాకిట్లోకి వచ్చి ఆకాశానికి తిప్పేదట. "జపానోడిదైతే ఏటి సేత్తావే?" అని తాతయ్య అరిస్తే, "ఎవులిదైతే ఏటి, అందులో ఉన్నోడ్నీ ఓ తల్లే గదా కన్నాది" అనేదట. కొడుకు తిరిగొచ్చిన నెల తిరక్కుండా పెళ్ళి చేసేసింది, మళ్ళీ ఎగరకుండా.

ఆయన వెంట తెచ్చిన వస్తువులకి మా ఊళ్ళో పట్టిన గతి చెబితే నవ్వొస్తుంది. ఉన్ని మేజోళ్ళతో అమ్మమ్మ పొయ్యి మీద నుంచి వేడి గిన్నెలు దింపేది. చెవులు కప్పే తోలుటోపీ ఒకటుండేది, లోపల చెమటా కిరసనాయిలూ కలిసిన వాసన. ఒకనాడు నేను దాన్ని పెట్టెలోంచి కాజేసి, తోటలో జీడిపిక్కలు ఏరుకోవడానికి పట్టుకెళ్ళాను. జీడిపండ్ల రసం కారి టోపీ అంతా మరకలు పడింది. వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. మావయ్య టోపీ తీసుకుని, లోపల ఉన్న పిక్కల్ని కాసేపు చూశాడు.

"పరవానేదు. ఇందులో ఇన్నాళ్ళకి పనికొచ్చిన సరుకు పడినాది" అని తిరిగి నా చేతికే ఇచ్చేశాడు.

ఆ పిక్కలు పట్టుకుని పక్కింటికి పరిగెత్తాను. పక్కింట్లో రంగం అత్త ఉండేది. రంగం అంటే రంగూను. మా తీరం నుంచి చాలామంది బారువ రేవులో ఓడెక్కి రంగం పోయి, బియ్యపు మిల్లుల్లో, రేవుల్లో కూలికి కుదిరేవారు. ఆ అత్త మొగుడు మావయ్యకి వరసకి తమ్ముడు, ఒక్క ఈడువాళ్ళు, కలిసి ఈత నేర్చుకున్నవాళ్ళు. పెళ్ళయిన పది నెలలకి ఓడెక్కాడు. అక్కడి నుంచి ఒక ఉత్తరం రాశాడు, ఎవరిచేతో ఒక లక్కభరిణె పంపించాడు. తర్వాత యుద్ధమొచ్చింది. కొండలూ అడవులూ నడిచి ప్రాణాలతో ఇల్లు చేరినవాళ్ళు చేరారు. అతను రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. రోజూ పొద్దున్నే ఆ భరిణెలోంచి కుంకం తీసి అత్త బొట్టు పెట్టుకునేది. రెండు చేతులకీ ముంజేయి సగం దాకా ఆకుపచ్చ మట్టిగాజులు. ఆమె వస్తోందంటే మనిషి కంటే ముందు గాజుల చప్పుడు వచ్చేది.

జీడిపిక్కలు కాల్చడంలో ఆమే మా నాయకురాలు. పగిలిన కుండపెంకులో పిక్కలు పోసి, కింద కొబ్బరి డొక్కలు మంట పెట్టేది. కాసేపటికి పిక్కల్లోంచి నూనె చిమ్మి పెంకు మొత్తం భగ్గుమనేది. దూరంగా కర్రతో కలిపి, నల్లబడ్డాక ఇసక చల్లి ఆర్పి, ఒక్కొక్కటీ రాతితో కొట్టి పప్పు తీసేది. నేను ఆగలేక పంటితో కొరికేదాన్ని. ఆ జీడి అంటుకుని పెదవులు పొంగిపోయేవి. కొబ్బరినూనె రాస్తూ, "ఆత్రగత్తెకి బుద్ధి మట్టని ఊరికే అన్నారేటి" అని నవ్వేది. మంట తగ్గేదాకా ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఆమె అంటే నాకు మా అమ్మకంటే ఒక వీసం ఎక్కువే ఇష్టం. ఆ మాట అమ్మతో ఎప్పుడూ అనలేదు.

ఆ వేసవిలో నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. పూండి నుంచి బండిలో వస్తూ మావయ్యని అడిగాను.

"మావయ్యా, విమానంలోంచి మనుషులు కనపడతారా?"

"నేదమ్మా."

"చీమల్లాగానైనా?"

"సీమల్లాగ కూడా కాదు. ఇళ్ళే అగ్గిపెట్టెల్లాగుంటాయి. మడుసులు అగుపడితే ఎయ్యగలడేటి ఎవుడైనా?" అన్నాడు. బండి కొంత దూరం పోయాక మళ్ళీ ఆయనే అన్నాడు. "ముందు కూకున్నాయనకి బాంబు వదిలేదాకే పని. వదిలీసి పైకి లేపుకొచ్చేత్తాడు. అది ఎక్కడ పడినాదో, పడ్డాక ఏటయినాదో సూసి సెప్పాల్సింది ఎనకున్నోడు."

నాకు అందులో మొదటి మాటే పట్టుబడింది. విమానంలోంచి మనుషులు కనపడరు. బళ్ళో మిగతా పిల్లలకి తెలియని సంగతి ఒకటి నాకు తెలిసింది కదా అని సంబరపడ్డాను.

మేం వెళ్ళేసరికి ఊళ్ళో ఒక మాట నలుగుతోంది. రంగం అత్తకి అత్తగారుండేది, నడుం వంగిన ముసలమ్మ. ఆ ఏడు ఆమెకి ఒకటే కల. కొడుకు పెరట్లో నిలబడి "అమ్మా, అంబలి" అంటాడట. ఆవిడ లేచి చోడి అంబలి, అదే రాగి జావ, గిన్నెలో పోసి పెరట్లో పెట్టేది. కుక్క తాగిపోయేది. "నా కొడుకు పోయినాడు. పిండం పెట్టేవోడు నేక ఆకలికి తిరుగుతున్నాడు" అని రోజూ మా తాతయ్య దగ్గర కూర్చుని ఏడ్చేది.

మనిషి దేశం పోయి పన్నెండేళ్ళు ఏ కబురూ లేకపోతే, దర్భలతో బొమ్మ చేసి దాన్ని దహనం చేసి, పది రోజుల కర్మా జరిపించడం ఉంది. అది చేస్తే పదో రోజున అత్త బొట్టు తుడిచి గాజులు పగలగొడతారు. ముసలమ్మ చెడ్డది కాదు. కోడల్ని ఒక్క మాట అనేది కాదు. కానీ ఆమెకి కొడుకు ఆకలి తీరాలి. కోడలికి మొగుడు బతికుండాలి. ఈ రెండూ ఒక ఇంట్లో ఇమడవు.

టెక్కలి నుంచి పురోహితుణ్ణి పిలిపించారు. మా తాతయ్య ఊళ్ళో పెద్దమనిషి కాబట్టి మాటలన్నీ మా వీధరుగు మీదే. తాతయ్య, పురోహితుడు, ముసలమ్మ. వీధికి వీపు పెట్టి మావయ్య. నేను గుమ్మంలో కూర్చుని పనసతొనలు వలుస్తున్నాను. నా పక్కనే, తలుపు వెనకాల, రంగం అత్త నిలబడి ఉంది. గాజులు చప్పుడు కాకుండా ఒక చేత్తో ఇంకో ముంజేయి గట్టిగా పట్టుకుంది.

"పన్నెండేళ్ళు నిండాయి. శాస్త్రం ఒప్పుతుంది" అన్నాడు పురోహితుడు. "అయితే ఒకటుంది. యుద్ధంలో గానీ తర్వాత గానీ అతన్ని ప్రాణాలతో చూశానని ఒక్కడు చెప్పినా, ఇప్పుడు చెయ్యకూడదు. ఆ చూసిన నాటి నుంచి మళ్ళీ పన్నెండేళ్ళు ఆగాలి. బతికున్నవాడికి కర్మ చేస్తే వాడి ఆయుష్షు మనమే కోసినట్టు."

తాతయ్య మావయ్యకేసి తిరిగాడు.

"ఏరా, ఊళ్ళో యుద్ధం ఆకరిదాకా ఆ దేశం సూసినోడివి నువ్వొక్కడివే. అంత కాలం గాలిలోంచి ఆ దేశమంతా తిరిగినావు గదా. ఆడు ఎక్కడైనా అగుపడినాడేటి?"

ఇప్పుడు చెబితే ఎవరైనా నవ్వుతారు. ఆ రోజు అరుగు మీద ఒక్కరికీ నవ్వు రాలేదు. మా ఉద్దానం కొబ్బరితోటల మనుషులు పైనుంచి చూడటమంటే కొబ్బరిచెట్టెక్కి చూడటమే. కాయలు దింపే మనిషికి చెట్టు మీంచి దారిన పోయేవాడి మొలతాడు కూడా కనబడుతుంది. "ఫలానావోడు సంత నుంచి వత్తన్నాడు, సేపలు తెత్తన్నాడు" అని పైనుంచే కేకేసి చెబుతాడు. విమానమంటే వాళ్ళ లెక్కలో ఇంకాస్త పొడుగు చెట్టు, అంతే. అందులోనూ కలిసి పెరిగినవాణ్ణి గుర్తుపట్టలేడా!

ముసలమ్మ పాక్కుంటూ వెళ్ళి ఆయన మోకాలు పట్టుకుంది.

"నేదని ఒక్క మాట సెప్పు బాబూ. నా కొడుక్కి ఇంత ముద్ద ఎట్టుకుంటాను."

తలుపు వెనక అత్త పట్టుకున్న ముంజేయి తెల్లబడిపోయింది.

"అగుపడినాడు" అన్నాడు మావయ్య.

నేను చటుక్కున తలెత్తాను. మనుషులు కనపడరని నాలుగు రోజుల కిందట బండిలో చెప్పిన మనిషి! నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. కొబ్బరి ఉండలు ఎవరు తిన్నారో, అత్తయ్య పాలలో నీళ్ళు ఎప్పుడు కలిపిందో చాటింపు వేసేది నేనే. అప్పటికే నోరు తెరిచాను. అప్పుడు మావయ్య, గుమ్మంలో ఉన్న నా మొహంకేసి సూటిగా చూశాడు. కోపంగా కాదు. ఏదో అడుగుతున్నట్టు చూశాడు. తెరిచిన నోట్లో నేనొక పనసతొన పెట్టుకున్నాను.

"ఎక్కడరా?" అన్నాడు తాతయ్య.

"రేవులో. యుద్ధం ఆకరి రోజుల్లో. బస్తాలు మోయిత్తన్నాడు. ఎర్ర తలగుడ్డ కట్టినాడు. మా మోత ఇని తలెత్తి సూసినాడు, సెయ్యి ఊపినాడు."

ముసలమ్మ పెద్దగా ఏడ్చింది. ఆ ఏడుపు దుఃఖమో సంతోషమో నాకు తెలియలేదు, బహుశా ఆవిడకీ తెలియలేదు. పురోహితుడు మావయ్యకేసి కాసేపు చూసి, పంచాంగం మూసేశాడు. "సరే, అయితే ఇప్పుడు నాకు పనిలేదు" అన్నాడు. అమ్మమ్మ ఇచ్చిన పనసపండు మాత్రం భుజాన వేసుకుపోయాడు. తలుపు వెనకాల గాజులు ఒక్కసారిగా గలగలమన్నాయి.

అబద్ధం ఆడటం ఒక ఎత్తు, దాన్ని మేపడం ఒక ఎత్తు. మర్నాటి నుంచి ముసలమ్మ పొద్దున్నే అరుగెక్కేది.

"ఒల్లు సేసినాడేటి బాబూ?"

"బాగానే ఉన్నాడు."

"జోళ్ళేసుకున్నాడేటి?"

"ఏసుకున్నాడు."

ఒకనాడు చేతిలో గొడుగుందన్నాడు. బస్తా మోసేవాడి చేతిలో గొడుగెలా ఉంటుంది? ముసలమ్మ అనుమానంగా చూసింది. నేను అందుకున్నాను. "కాదు మావయ్యా, గొడుగు ఆ మేస్త్రీది అన్నావు కదా. ఈయనది ఎర్ర తలగుడ్డ." ముసలమ్మ సమాధానపడి వెళ్ళిపోయింది. మావయ్య నాకేసి చూడలేదు గానీ ఆ పూట తన పళ్ళెంలో వేయించిన చేపముక్క నా పళ్ళెంలో వేశాడు. ఊరంతటికీ చాటింపు వేసే నోరు ఆ సెలవుల్లో అలా మూతపడటం నేర్చుకుంది.

సెలవులు అయిపోతుండగా అమావాస్య వచ్చింది. పొద్దున్నే మావయ్య బండి కట్టించాడు. చేపలు కొనడానికి సముద్రానికి వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, నన్నూ ఎక్కించుకున్నాడు. బండిలో చిన్న కొత్తకుండ ఉంది, మూతికి గుడ్డ కట్టి. సరుగుడు తోటలు దాటి ఇసకలో బండి ఆగింది. పాలేరుని అక్కడే ఉండమని, కుండ పట్టుకుని నీళ్ళ దాకా నడిచాడు. వెనకాలే నేను.

కుండలో అన్నం ఉంది, నువ్వులు కలిపిన అన్నం. అరిటాకు పరిచి ఇసక మీద ముద్ద పెట్టాడు. పోయినవాళ్ళకి పెట్టే ముద్ద అది. నాకు భయమేసింది. భయమేస్తే నాకు మాటలొస్తాయి.

"నువ్వు అబద్ధం చెప్పావు కదా?"

"సెప్పినాను."

"ఎందుకు?"

ఆయన నీళ్ళకేసి చూస్తూ చెప్పాడు. "ఒక రేవు మీద ఏసినాం. పొగ తేలినాక సూసినాను, పడవలు మండిపోతన్నాయి. రేవు నేదు. బాగా తగిలినాదని వైర్‌లెస్‌లో సెప్పినాను. ఆళ్ళు సెబాసన్నారు. ఆ రేవులో బస్తాలు మోసినోల్లు మన తీరపోల్లేనని యుద్ధం అయిపోనాక తెలిసినాది. ఈడు అందులో ఉన్నాడో నేదో నాకు తెల్దమ్మా. ఉన్నాడని ఎలా సెప్పను? నేడని ఎలా సెప్పను? అంత పాడుసేసొచ్చి, మల్లీ నా నోటితో ఆ గాజులు కూడా పగలగొట్టమంటావా?"

నాకు సగం అర్థమైంది. "మరి ఈ అన్నం ఎవరికి?" అన్నాను.

"ఆకలున్నోల్లకి. ముసలిదాని ముద్ద నాను ఆపీసినాను గదా. ఆ ముద్ద నానే ఎట్టాల."

కాకి రాలేదు. చాలాసేపు నిలబడ్డాం. తర్వాత మావయ్య నా భుజం తట్టి, "నువ్వు నడు. ఎనక్కి తిరిగి సూడకూడదు" అన్నాడు. పోయినవాళ్ళకి పెట్టాక వెనక్కి చూడకూడదని నాకూ తెలుసు. నడిచాను. అడుగుల చప్పుడు వెంట రాలేదు. బండి దగ్గరికి వెళ్ళాక చూద్దును కదా, ఆయన ఇంకా అక్కడే, ముద్దకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. అల వచ్చి ఆకుని తీసుకుపోయేదాకా కదల్లేదు.

"నువ్వు చూశావేం మరి?" అన్నాను బండెక్కాక.

"నా ఉద్యోగం అదే గదమ్మా. ఎవులో ఒకలు సూడాల" అన్నాడు. చేపలు కొనడం మరిచిపోయాం. ఇంట్లో అత్తయ్య చేత తిట్లు తిన్నాం.

రెండేళ్ళకి ముసలమ్మ పోయింది, కొడుకు ఎర్ర తలగుడ్డతో వస్తాడనే నమ్ముతూ. ఆ తర్వాత కర్మ మాట ఎత్తేవాళ్ళు లేకపోయారు. గడువు దాటిపోయినా ఎవరూ గుర్తు చెయ్యలేదు. అత్త బొట్టూ గాజులూ అలాగే ఉండిపోయాయి. మావయ్య ప్రతి అమావాస్యకీ సముద్రానికి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చేవాడు. చేపల బేరం రాని మనిషని అత్తయ్య అందరికీ చెప్పేది.

నేను పెరిగి టెక్కలి టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ఉద్యోగంలో చేరాను. అక్కడ రోజంతా ఊళ్ళోవాళ్ళ మాటలు చెవిన పడతాయి, ఒక్కటీ బయటికి పొక్కకూడదు. తోటివాళ్ళు కష్టమనేవారు. నాకు పనసతొన నాటి నుంచీ అలవాటే. మావయ్య పోయిన కబురు కూడా ఆ ఎక్స్‌చేంజిలోనే, హెడ్‌ఫోన్‌లో విన్నాను. ఎవరికో చెప్పమని వచ్చిన ఫోనులాగే విని, లైను కలిపి, తర్వాత సెలవు రాసిచ్చి బయల్దేరాను. బస్సులో మాత్రం ఏడుపు ఆగలేదు.

పదో రోజున అందరం సముద్రానికి వెళ్ళాం. మావయ్య కొడుకు పిండం పెట్టాడు. ఈసారి కాకి వెంటనే వచ్చింది. ఆడవాళ్ళం ఒక పక్కగా నిలబడ్డాం. జుట్టంతా నెరిసిన రంగం అత్త నా చెయ్యి పట్టుకుని నాలుగడుగులు అవతలికి తీసుకెళ్ళింది. కొంగు చాటు నుంచి ఒక గిన్నె తీసి ఇసక మీద పెట్టింది. చోడి అంబలి. తర్వాత తడి ఇసకలోంచి ఒక రాయి ఏరుకుని, నేను ఆపేలోగా గాజుల మీద కొట్టుకుంది. ముందు ఎడమచేతివి, తర్వాత కుడిచేతివి.

"అదేంటత్తా!"

"ఇంక సాల్లేమ్మా" అంది. "ఇమానంలోంచి మొగాలు అగుపడవని నాకు తెల్దనుకున్నావేటి? తలుపెనక నిలబడి ఆయన గొంతు ఇన్నప్పుడే తెలిసిపోనాది."

"మరి ఇన్నేళ్ళూ..."

"నా సేతి గాజుల కోసం అంతమందిలో ఆయన అబద్ధమాడినాడు. ఆయన బతికుండగా నాను తీసీసినాననుకో, ఊరి ముందు ఆయన్ని అబద్ధాలకోరుని సేసినట్టు కాదేటి? ఇప్పుడాయన నేడు. నాకోసం ఆడిన మాట ఆయనతోనే పోనీ." అంబలి గిన్నెకేసి చూసింది. "పాపం, మా అత్త కల ఒక్కనాడూ మరవనేదు. ఇన్నాల్లూ ఆ మనిసి ఆకలితోనే ఉండిపోనాడు. ఆ పాపం మాత్రం నాదే."

ముప్పై ఏళ్ళు మూసిన నోరు అప్పుడు తెరిచాను.

"లేదత్తా. ఆకలి లేదు. మావయ్య పెట్టాడు. ప్రతి అమావాస్యకీ ఇక్కడే, ఈ ఇసకలోనే ముద్ద పెట్టాడు. చేపల కోసం కాదు వచ్చేది."

ఏడుస్తుందనుకున్నాను. అత్త వంగి గిన్నె తీసుకుంది.

"అయితే ఆ మనిసి తినీసే ఉంటాడు" అంది. "ఇది మీ మావయ్యకి."

నడుచుకుంటూ వెళ్ళి మావయ్య పిండం పెట్టిన ఆకు పక్కన ఆ అంబలి పోసింది. పురోహితుడు, "పదండి పదండి, ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి" అని కేకేశాడు. అందరూ నడిచారు. అత్త కూడా, ఖాళీ చేతులు కొంగులో చుట్టుకుని, తల తిప్పకుండా నడిచింది.

నేను చూశాను. పెద్ద అల ఒకటి వచ్చింది. ఆకు లేచి, ఒక్కసారి తిరిగి, నీళ్ళతోపాటు వెళ్ళిపోయింది. అంబలి పోసిన చోట ఇసక కాసేపు ముదురు రంగుగా ఉండి, తర్వాత మామూలయింది. ఆకుపచ్చ గాజుముక్కలు మాత్రం తడిలో మెరుస్తూ ఉండిపోయాయి. రెండో అల వచ్చి అవి కూడా తీసుకుపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరో ఒకరు చూడాలి కదా.